పిల్లల చెవికివ్వని దూది

విమానం పేరెత్తితే ఊరందరికీ అభిమానం, ఎల్లస్వామికి సన్మానం, అతని భార్య ఆండాళుకు మాత్రం అనుమానం. ఢిల్లీలో చేనేత ప్రదర్శన. చౌటుప్పల్ పక్క పల్లెల్లో చిటికి చీర ఎలా పుడుతుందో అక్కడ పెద్దల ముందు చేసి చూపించాలి. మగ్గం మీద నేసేది ఎల్లస్వామే అయినా, నూలుకు ముడులు కట్టి రంగులో ముంచి పువ్వులు పూయించేవి ఆండాళు వేళ్లు. ఆ వేళ్లు రాకపోతే ఢిల్లీ వెళ్లినా ఢీలా పడటమే.

ఆమె ఒక్క షరతు మీద ఒప్పుకుంది. నాలుగేళ్ల లచ్చువమ్మ, చంటివాడు గాలయ్య వెంట రావాలి. దారిలో వాళ్లు గుక్కపట్టి ఏడిస్తే మాత్రం, విమానం ఎక్కడ దిగితే అక్కడే తానూ దిగి, రైలెక్కి ఇంటికి పోతుంది. ఎల్లస్వామి ఉన్న దేవుళ్లందరికీ మొక్కి తలూపాడు.

పిల్లలతో విమానమెక్కే ఉపాయాలను, వాళ్ల వెంట ఢిల్లీ వస్తున్న చేనేత సొసైటీ సెక్రటరీ రామచంద్రయ్య రోజూ బోధించాడు. ఆయన అప్పటిదాకా ఎక్కిన ఎత్తయిన వాహనం జాతరలో రంగులరాట్నం. పెరుగన్నం కట్టుకోమన్నాడు, పొత్తిగుడ్డలు దండిగా పెట్టుకోమన్నాడు, ఎక్కేముందు దిష్టి తీయమన్నాడు. అన్నీ చేశారు.

బేగంపేటలో విమానం గర్జిస్తుండగా, అందులో పనిచేసే అమ్మాయి పళ్లెంలో దూదీ పిప్పరమెంట్లూ తెచ్చి హిందీలో ఏదో చెప్పింది. సగం మోతలో కలిసిపోయింది, మిగిలిన సగం ఎల్లస్వామి బుర్రలోకి దూరలేదు. పిప్పరమెంట్లను ఊళ్లో పంచడానికి కండువా కొంగున ముడేశాడు. ఇక దూది! నేతగాడి చేతికి దూది ఇస్తే చేయి ఊరుకుంటుందా? పింజ లాగి చూశాడు, మెచ్చుకున్నాడు, తొడమీద పెట్టి మెలేశాడు. పెళ్లాం పిల్లల వాటా కూడా లాక్కుని మెలేశాడు. చెవికిచ్చిన దూదితో పోగు తీశాడు గనక, చెవిపోగంటే అదేనేమో మరి.

విమానం మధ్యలో ఆగే నాగపూర్ దాకా గాలయ్య పేరుకు తగ్గట్టు గాలిలో హాయిగా నిద్రపోయాడు. విమానం కిందికి దిగసాగిందో లేదో, లచ్చువమ్మ చెవులు పట్టుకుని రాగం ఎత్తుకుంది. తమ్ముడు తాళం అందుకున్నాడు. ఎల్లస్వామి ఎత్తుకుని ఊపాడు, జోకొట్టాడు, మగ్గం చప్పుడు నోటితో చేశాడు. కిటికీలో మబ్బును చూపిస్తే వాడు మబ్బుకన్నా ఎక్కువ కురిశాడు. వెనక సీటు పెద్దమనిషి పేపరు మడిచి ఒకటే గొణుగుడు. ముందు సీట్లో రామచంద్రయ్య మాత్రం బుగ్గన ఏదో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. ఎల్లస్వామికి ఒళ్లు మండిపోయింది.

నాగపూర్‌లో విమానం ఆగగానే ఆండాళు పిల్లల్ని చంకనేసుకుని దిగింది, రైలుస్టేషను ఎటని అడిగింది. ఎల్లస్వామి బతిమాలాడు, చిందులేశాడు, మళ్లీ బతిమాలాడు. అంతలో ఆవులిస్తూ దిగిన రామచంద్రయ్యను ఆమె ఎగాదిగా చూసింది.

"సారూ, మీ చెవుల్ల గదేంది?"

"దూది. చెవులు నొయ్యకుంట పెట్టుకోవాలె. పిప్పరమెంటు చప్పరించాలె, చంటిపోరగానికి దిగేటప్పుడు పాలియ్యాలె. గా పిల్ల చెప్పింది గద."

"మాకు జర చెప్పకపోతిరి."

"అందరికి ఎరుకే అనుకున్న."

ఆండాళు మొగుడి వైపు తిరిగింది. "లచ్చువమ్మ నాయినా, మన దూదేది?"

ఎల్లస్వామి జేబులోంచి వేలికి చుట్టిన నూలు చుట్ట తీశాడు. పోగు సన్నగా, ఎక్కడా తెగకుండా, బ్రహ్మాండంగా ఉంది. దాన్ని చూసి మురవాలో ఏడవాలో అతనికే తెలియలేదు.

"పోరగాండ్ల చెవులు పోంగ నీకు పోగు కావల్సొచ్చిందా?" అంది. అయితే రైలుస్టేషను మాట మళ్లీ ఎత్తలేదు. కండువా ముడి విప్పించి పిప్పరమెంట్లు తానే తీసుకుంది.

మళ్లీ విమానమెక్కాక ఇంకోసారి దూది వచ్చింది. లచ్చువమ్మ తన వాటాను ఊది ఎగరేసింది. ఎల్లస్వామి తన వాటా దాని చెవుల్లో పెట్టాడు. ఢిల్లీ దిగేటప్పుడు కూతురు పిప్పరమెంటు చప్పరించింది, కొడుకు పాలు తాగాడు. ఇద్దరూ నవ్వుతూ దిగారు. ఎల్లస్వామి చెవులు మాత్రం గడియ పడ్డట్టు మూసుకుపోయాయి.

ప్రదర్శనలో పెద్దలు అడిగిన ప్రశ్నలు అతనికి బావి అడుగునుంచి వచ్చినట్టున్నాయి. ఆండాళే ముడులు కడుతూ జవాబులు చెప్పింది, రామచంద్రయ్య హిందీలో అందించాడు. మధ్యలో ఆమె తన చెవి పట్టుకుని ఏదో అని మొగుణ్ని చూపించింది. అందరూ అతన్నే చూస్తూ పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు. ఎల్లస్వామి కూడా కొట్టాడు.

ఏం చెప్పినవే అని తిరిగొచ్చే రైల్లో అడిగాడు.

"మల్ల విమానమెక్కినప్పుడు చెప్త" అంది ఆండాళు.