కొచ్చి బండికి ముందు ప్రార్థన

నాచారం నుంచి అంతకుముందు ఎవరైనా సముద్రం దాటి సభకు వెళ్ళారా అంటే, లేదు బాబూ, లేదు. తొంభై నాలుగులో హన్నాయే మొదలు. ఫ్యాక్టరీ గోడ పక్కన గడ్డి కూడా మొలవని జాగాలో పేడా, కూరగాయల చెత్తా పోసి, వానపాములను వదిలి, బెండకాయలు కాయించింది కదా! అరేబియా సముద్రంలో ఎక్కడో మారుమూల దీవిలో, ఉప్పునీటికి చచ్చిన నేలను మళ్ళీ బతికించుకుంటున్న జనం సభ పెట్టి ఆమెను రమ్మన్నారు. ఇవాళ కొచ్చి బండి తప్పితే ఓడ దొరకదు. ఓడ తప్పితే సభే లేదు.

హన్నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఊరికే నవ్వొస్తోంది. అత్త విక్టోరియమ్మ ఒక్కతే మూతి ముడుచుకుని కూర్చుంది. "పాములల్ల పడ్డది సాలదట, ఇగ సముద్రంల పడ్తదట!" అని వారంగా అదే పాట.

బయలుదేరే పొద్దున ఇంట్లో సాగనంపే ప్రార్థన పెట్టారు. పెట్టకుండా ఊరుకుంటారా? పక్కనే ఉన్న పీర్జాదిగూడకు పెళ్ళిచూపులకు వెళ్ళినా ప్రార్థించి పంపే సంఘం అది. గది నిండా జనం. బయట భర్త మోషే తెచ్చిన ఆటో. పాస్టర్ అబ్బయ్యగారు కళ్ళు మూశారు. ఆయన కళ్ళు మూస్తే ఇక అంతే సంగతులు.

మంచివారే, పాపం. కానీ సముద్రం మాట వచ్చేసరికి ఆయనకు ఉత్సాహం ఆగలేదు. బైబిల్లో నీళ్ళున్న చోటల్లా ఆగి ఆగి ప్రార్థించారు. ఏనుగులూ దోమలూ జతలు జతలుగా ఓడెక్కాయి. సముద్రం రెండుగా చీలింది, ముసలీ ముతకా అందరూ దాటారు. తర్వాత ప్రవక్తను చేప మింగింది. హన్నా ఒక కన్ను తెరిచి గడియారం చూసింది. అయ్యో దేవుడా! ప్రవక్త ఇంకా చేప కడుపులోనే ఉన్నాడు. తుఫాను మిగిలింది, నీళ్ళ మీద నడక మిగిలింది, ఓడ పగలడం మిగిలింది!

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. మోషేకు కనుసైగ చేస్తే అతను బిక్కమొహం వేసి తల అడ్డంగా ఊపాడు. అబ్బయ్యగారి ప్రార్థనకు అడ్డం వచ్చే మగాడు నాచారంలో ఇంకా పుట్టలేదు. లేచి వెళ్తే పొగరంటారు, కూర్చుంటే దీవి పోయినట్టే.

"ఆ చేప కడుపులో, ప్రభువా, ఆ చీకట్లో..." అంటూ పాస్టర్‌గారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

అంతే, మూల నుంచి ఒక బొంగురు గొంతు లేచింది. విక్టోరియమ్మ! కళ్ళు గట్టిగా మూసుకుని పరలోక ప్రార్థన ఎత్తుకుంది. ఆ ప్రార్థన వచ్చిందంటే కూటం ముగిసినట్టే కదా! చిన్నప్పటి అలవాటు, గదంతా ఒక్కసారిగా అందుకుంది. పాస్టర్‌గారు కూడా ప్రవక్తను చేపలోనే వదిలేసి గొంతు కలిపారు. ఆమేన్!

హన్నా నోరు తెరిచి అత్తనే చూస్తూ నిలబడింది.

"ఏంది గట్ల జూస్తవ్? ఉరుకు! నాకైతే సముద్రం జూసే రాత లేకపాయె. నువ్వు మంచిగ జూసి రా, బిడ్డా. వచ్చి నాకు జెప్పు."

రైలు అందింది, ఓడా అందింది. కొబ్బరి పీచుతో ఇసుకను సాగునేలగా మార్చుకున్న దీవి ఆడవాళ్ళ మధ్య హన్నా తన వంతు గడగడా మాట్లాడేసింది. ఆ తర్వాత అందరూ భోజనాలకు లేస్తే, ఆమె మాత్రం ఒడ్డున కూర్చుని సముద్రాన్ని కళ్ళార్పకుండా చూస్తోంది. ఇంటికెళ్ళి అత్తకు చెప్పాలి మరి.