తుడవందే ముల్లు పెట్టను

నాకొక నియమం ఉంది. తుడవని రికార్డు మీద ముల్లు పెట్టను. ముప్పై ఏళ్లుగా పెట్టలేదు. దుమ్ము మీద ముల్లు తిరిగితే గాడుల్లో గీతలు పడతాయి, ఆ గీతలు ఇక జన్మలో పోవు. ఈ సంగతి మా ఆదివారం గుంపులో ప్రతివాడికీ కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను. నా వెనకాల నన్ను 'గుడ్డముక్క' అంటారని తెలుసు. అననీ.

నాది కళ్లద్దాల షాపు. ముందు షాపు, వెనక అద్దాలు అరగదీసే గది, మేడ మీద రికార్డుల గది. అందులో రెండు వేల మూడొందల రికార్డులు, రెండు మంచి స్పీకర్లు, ఆరు కుర్చీలు. ఆదివారం పదకొండింటికి జాజ్ పిచ్చివాళ్లం నలుగురైదుగురం అక్కడ చేరతాం. వినేది గంట, పోట్లాడుకునేది మూడు గంటలు. పోట్లాట ఎప్పుడూ ఒకటే. జాజ్‌ని హాల్లో ఎదురుగా కూర్చుని వినాలా, రికార్డులో వినాలా?

హాలు పక్షానికి నాయకుడు టికెట్ల మామ. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరికీ మామ కాదు, అందరూ మామా అనే పిలుస్తారు. వెళ్లిన ప్రతి కచేరీ టికెట్టూ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు. "రికార్డంటే ఫొటో రా. ఫొటోతో కాపురం చేస్తావా?" అంటాడు. "నీ కచేరీ ఏదీ, ఇప్పుడు చూపించు. టికెట్టు ముక్క తప్ప ఏం మిగిలింది?" అంటాను నేను. రికార్డు పక్షానికి నేనే నాయకుణ్ని. చాలా వారాలు మా పక్షంలో నేనొక్కణ్నే ఉంటాను.

ఈ ఆదివారం మాత్రం మా అక్క వస్తానంది, అందుకని గుంపుని రావద్దన్నాను. అక్క ఈ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

అక్క ఇరవై రెండో ఏట ఒకే ఒక్క కచేరీలో పియానో వాయించింది. ఊళ్లోకొచ్చిన ఒక ట్రంపెట్ బృందంలో పియానో ఆయనకి జ్వరం తగిలింది. మా బావ పియానోలు శ్రుతి చేసే మనిషి, ఆ హాలుకి రోజూ వెళ్లేవాడు. "మా ఆవిడ వాయిస్తుంది" అనేశాడట. అప్పటికి పెళ్లయి ఎనిమిది నెలలు. నాకేమో గవదబిళ్లలు, చెంపలు ఉబ్బి మంచం దిగలేదు. కచేరీ బ్రహ్మాండంగా జరిగిందని అందరూ చెప్పుకున్నారు. మర్నాటి నుంచి అక్క పియానో ముట్టుకోలేదు. నేనొక్కదాన్నే వాయించే వంతు వచ్చినప్పుడు తప్పాను అంది. తప్పలేదు అన్నాడు బావ. ఆవిడ వినలేదు. లెక్కల టీచరుగా చేరి ముప్పై ఏడేళ్లు పిల్లలకి భిన్నాలు నేర్పింది. బావ మాత్రం ఇంట్లో పియానోని ఆర్నెల్లకోసారి శ్రుతి చేసి మూత వేసేవాడు.

ఆ కచేరీకి మిగిలింది ఒకే ఒక్క రికార్డు. రేడియోలో పనిచేసే ఒకాయన రికార్డు గాడులు కోసే మెషిను తెచ్చుకుని, స్టేజీ వెనక గదిలో కూర్చుని, వాళ్లు వాయిస్తుండగానే నేరుగా ప్లేటు మీద కోశాడు. దాన్ని బావ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. లోకంలో దానికి రెండో కాపీ లేదు. ఇంతకన్నా అరుదైన రికార్డు ఎవడి ఇంట్లో ఉందో చూపించండి అని నేను అందరి దగ్గరా గొప్పలు పోయాను, ఒక్కసారీ వినకుండానే. అక్క వినదు, ఇంకొకర్ని విననివ్వదు.

అలాంటిది, రిటైరైన మూడో వారానికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ రికార్డు వింటాను. నీ దగ్గరే వింటాను. నువ్వు దేవుణ్నయినా మొహమాటానికి మెచ్చుకునే రకం కాదు. తప్పానో లేదో నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను."

నాకు నేల మీద కాలు నిలవలేదు. శనివారం సాయంత్రం బావ దాన్ని అట్టపెట్టెలో తెచ్చి ఇచ్చాడు. మనిషి అదోలా ఉన్నాడు. "ఇప్పుడెందుకురా ఇవన్నీ" అని రెండుసార్లు అని, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ప్లేటు బయటికి తీశాను. దానినిండా తెల్లటి పొర, గోడకి పట్టిన బూజులా ఉంది. నా నియమం నాకుంది కదా. కింది గది నుంచి నా మందు సీసా తెచ్చుకున్నాను. స్పిరిట్, నీళ్లు, చుక్క సబ్బు కలిపి నేనే తయారుచేసిన మందు. కళ్లద్దాలకీ అదే, రికార్డులకీ అదే. ముప్పై ఏళ్లలో ఒక్క రికార్డు పాడు కాలేదు. మెత్తటి గుడ్డ తడిపి, బయటి అంచు నుంచి లోపలికి గుండ్రంగా రుద్దుతూ వచ్చాను. గుడ్డ నల్లబడింది. ఎంత మురికి పట్టిందో పాపం అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను.

గుడ్డకి నల్లటి పెచ్చు ఒకటి అంటుకుని వచ్చింది. దాని కింద వెండిలా రేకు మెరిసింది.

అది మామూలు రికార్డు కాదు. ఇలా నేరుగా కోసిన ప్లేట్లకి అల్యూమినియం రేకు మీద లక్కలాంటి పూత ఉంటుంది. పాతబడితే పూత మీద తెల్లగా పొర వస్తుంది. దాని దరిదాపుల్లోకి స్పిరిట్ రానివ్వకూడదు. ఇదంతా నాకు తెలియదా? తెలుసు. మూడు నెలల కిందట ఇదే గదిలో ఇదే విషయం మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను, మామ కునికిపాట్లు పడుతున్నా వదలకుండా. పొద్దున గుడ్డ పట్టుకున్నప్పుడు ఆ ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఊళ్లో సగం మంది చూపు సరిచేసే నాకు చేతిలో ఉన్నదేమిటో కనిపించలేదు.

పదిహేను నిమిషాల సంగీతంలో లేబులు పక్కన రెండు వేళ్ల వెడల్పు మిగిలింది. మహా అయితే మూడు నిమిషాలు. మిగతాదంతా బీటలు వారి, పెచ్చులు లేచిపోయింది.

కాలుగాలిన పిల్లిలా ఆ గదిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. మేడ దిగాను, ఎక్కాను. సీసా మూత పెట్టాను, మళ్లీ తీసి వాసన చూశాను, అందులో స్పిరిట్ లేదని తేలుతుందేమోనన్నట్టు. పెచ్చుల్ని ఏరి కాగితం మీద పేర్చాను. అతికిద్దామా అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా. చివరికి మామకి ఫోన్ చేశాను. పావుగంటలో వగరుస్తూ వచ్చాడు.

"మామా, ఆ రోజు నువ్వు హాల్లో ఉన్నావా? నిజం చెప్పు."

"నాకా రోజు డ్యూటీ రా. నా డబ్బాలో లేని పెద్ద కచేరీ అదొక్కటే." ప్లేటు చూసి నోరు వెళ్లబెట్టాడు. "పోనీ, తుడిచే ముందు నువ్వొకసారి విన్నావు కదా?"

"తుడవకుండా ముల్లు ఎలా పెడతాను?"

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "మూడొందల రూపాయల రికార్డుకీ దీనికీ ఒకటే చట్టమా నీకు?" అన్నాడు. అక్కడితో ఆగకుండా గుసగుసగా, "సరే, విను. విన్నానని చెప్పు. ముందు విన్నాను, తర్వాత తుడిస్తే పాడైంది, నువ్వు తప్పలేదు అని చెప్పేయ్. ఎవరికీ నష్టం లేదు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఆవిడ హాయిగా నిద్రపోతుంది" అన్నాడు.

తిట్టేయబోయాను. తిట్టలేదు. ఎందుకంటే ఆ ఆలోచన మామ రాకముందే నాకు వచ్చింది. పెచ్చులు ఏరుతున్నంతసేపూ లోపల అదే వాక్యం తయారు చేసుకుంటున్నాను. 'చక్కగా అందుకున్నావక్కా.' నాలుగైదు రకాలుగా అని చూసుకున్నాను కూడా.

సరిగ్గా పదకొండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ముందు అక్క, వెనక బావ. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, పరీక్ష పేపర్లు పంచడానికి వచ్చినట్టు నిటారుగా నడిచి వచ్చింది. వచ్చి స్పీకర్లకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"పెట్టు" అంది.

"అక్కా, పాడుచేశాను."

ఇంకా ఏదేదో చెప్పాను. స్పిరిట్, పూత, రేకు. అక్క సగం విని చెయ్యెత్తింది. లేచి వెళ్లి ప్లేటు చూసింది. మెరుస్తున్న రేకు మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

బావ ముఖం చూశాను. ఏడుపు లేదు, కోపం లేదు. బరువు దింపుకున్నవాడిలా భుజాలు జారిపోయాయి. నాకు ఒళ్లు మండింది. ప్రాణంగా దాచుకున్న వస్తువు పోతే మనిషి అలా ఉంటాడా?

"చివర మూడు నిమిషాలు ఉంది" అన్నాను.

"పెట్టు."

ముల్లు పెట్టాను. బరబర శబ్దం వెనక ట్రంపెట్, దాని కింద డ్రమ్ము, ఇంకా కింద పియానో. అది మా అక్క! అప్పటికే అందరూ కలిసి ముగింపు వాయిస్తున్నారు. అక్క ఒక్కతే వాయించిన భాగం ఎప్పుడో పెచ్చులైపోయింది. పాట ఆగింది. చప్పట్లు మొదలయ్యాయి, చాలాసేపు మోగాయి.

"విన్నావా తల్లీ, ఆ చప్పట్లు!" అన్నాడు మామ.

"తప్పినవాళ్లకీ కొడతారు చప్పట్లు" అంది అక్క. "స్కూల్లో రోజూ కొట్టించేదాన్ని."

మామ ఇక ఉండబట్టలేక, "అయినా నీ తమ్ముడు తుడిచేముందు మొత్తం విన్నాడమ్మా. నువ్వు తప్పలేదట" అనేశాడు.

అక్క నా వైపు తిరిగింది. ఆ ముఖంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు.

"విన్నావా?"

చక్కగా అందుకున్నావక్కా. అది నాలుక మీదే ఉంది. కానీ వినని సంగీతం బాగుందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. విన్నానంటే అక్క ఇంకా అడుగుతుంది. ట్రంపెట్ ఎక్కడ ఆపాడు, నేనెక్కడ అందుకున్నాను అని. ఆవిడ లెక్కల టీచరు, సగం జవాబుకి మార్కులు వెయ్యదు.

"వినలేదు" అన్నాను. "తుడవకుండా పెట్టను కదా."

మామ తల పట్టుకున్నాడు. "నువ్వు విన్నానంటే నమ్మేదాన్ని రా" అంది అక్క మెల్లగా. నేను చేసిన రెండు పనుల్లో ఏది ఎక్కువ పాపమో ఆ క్షణంలో నాకు తెలియలేదు. చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు అక్క బావ వైపు తిరిగింది. "ఇంక మీరొక్కరే మిగిలారు. రికార్డు లేదు, మిమ్మల్ని పట్టిచ్చేదేమీ లేదు. చెప్పండి. నేను తప్పానా?"

బావ కిటికీ వైపు చూశాడు. చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"రెండు బార్లు ఆలస్యంగా అందుకున్నావు" అన్నాడు. రెండు బార్లంటే తాళంలో ఎనిమిది దెబ్బలు. "ట్రంపెట్ ఆగిపోయాడు, నువ్వు మొదలుపెట్టలేదు. డ్రమ్ము ఆయన సర్దేశాడు. హాల్లో ఎవరికీ తెలియలేదు."

"నాకు తెలిసింది" అంది అక్క. "ఆ రాత్రి టాక్సీలో మిమ్మల్ని అడిగాను. ఏమన్నారు?"

"సరిగ్గానే అందుకున్నావన్నాను."

"మర్నాడు?"

"అదే అన్నాను. నువ్వు బాధపడతావని..."

"నేను తప్పినందుకు మానెయ్యలేదండీ!" అక్క గొంతు అంత పెద్దదని నాకిన్నాళ్లూ తెలియదు. "తప్పితే ఏముంది, మర్నాడు కూర్చుని సరిచేసుకునేదాన్ని. తప్పానని నా చెవి చెబుతోంది. పియానోలు శ్రుతి చేసే మనిషి, ఊరంతా నమ్మే చెవి ఉన్న మనిషి, లేదు లేదంటున్నాడు. అంటే నా చెవే పనికిరాదనుకున్నాను. పనికిరాని చెవితో పియానో ఏం వాయించను?"

బావ ఏడ్చేశాడు, గట్టిగా, చిన్నపిల్లవాడిలా. మామ లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఏదో ఒకటి చెయ్యాలని కుర్చీ ఒకటి అటు జరిపి మళ్లీ ఇటు జరిపాను.

అక్క బావని ఓదార్చలేదు. బల్ల అంచు మీద కుడిచేతి వేళ్లతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి కొట్టింది.

"రెండు కాదు" అంది. "రెండున్నర."

బావ కళ్లు మూసుకుని విన్నాడు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "అవును" అన్నాడు. "రెండున్నరే."

అక్క వేళ్లు ఆగిపోయాయి.

"ఇది నిజంగా గుర్తొచ్చి అంటున్నారా, నన్ను సంతోషపెట్టడానికి అంటున్నారా?"

"నిజంగానే."

"ఎలా నమ్మను?"

బావ నా వైపు చూశాడు. అక్కా నా వైపే చూసింది. బల్ల మీద ప్లేటు ఇంకా తిరుగుతోంది, ముల్లు లేకుండా. నేను వెళ్లి స్విచ్ కట్టేశాను.