ఆదోని కార్డు

దేవక్క చేసిన తప్పు ఒక్కటే. కూతురు అక్షతకు ఆధార్ కార్డు పుట్టింట్లో, ఆదోనిలో చేయించింది. "యాడ చేపిస్తే ఏముండాది, కార్డు కార్డే కదా" అనుకుంది. కొన్నేళ్లకు, వాళ్లుండే కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. కండక్టరు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి, "ఇది ఆంధ్రాది, నడ్చదమ్మా. దుడ్డియ్యి" అన్నాడు. అడ్రసు మార్పిద్దామని సిరుగుప్పకు రెండుసార్లు పోతే రెండుసార్లూ సర్వర్ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

అప్పటినుంచి ఊరి ఆడపిల్లలంతా బస్సులో, అక్షత ఒక్కతే కాలువ గట్టు మీద. హచ్చొళ్ళిలో బడికి గంటకు పైగా నడక.

ఆ రోజు పదో తరగతి లెక్కల ప్రిపరేటరీ పరీక్ష. కిందటి పరీక్షలో అక్షత తప్పింది. "ఈసారీ తప్పితే మిరపకాయల కోతకు పోదువు గానీ" అన్నాడు నాయన గాళెప్ప. కోప్పడి అన్నా బాగుండేది. అలసిపోయి అన్నాడు, అందుకే భయమేసింది.

బస్‌స్టాపు దగ్గర తన క్లాసు హారతి, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఏడుపు మొహాలతో నిలబడి ఉన్నారు. బస్సు కిక్కిరిసి వచ్చి, ఆగకుండానే పోయిందట.

"అక్షతా, మమ్మల్నీ పిల్చుకపోవే. మాకు గట్టు దారి తెలీదు" అంది హారతి.

వీళ్లతో నడిస్తే ఆలస్యం ఖాయం. ఇన్నాళ్లలో ఒక్కరోజైనా తనకు తోడు నడిచారా? కడుపు మండింది అక్షతకు. అయినా ఆగింది.

సగం దారిలో హారతి చెప్పు తెగింది. నల్లరేగడి బెడ్డలు గుచ్చుకుంటే అడుగు వెయ్యలేక కూలబడింది. అక్షత తన చెప్పులు విడిచిచ్చింది.

నలభై నిమిషాలు ఆలస్యంగా చేరారు. మాస్టారు రానిచ్చారు గానీ, ఎక్కువ టైమివ్వలేదు. చివరి మూడు లెక్కలూ అక్షతకు వచ్చు. పేపరు లాగేసుకున్నారు.

సాయంత్రం బస్సు ఖాళీగా వచ్చి, బుద్ధిగా ఆగింది. ముగ్గురూ ఎక్కారు. హారతి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రేపు కూడా బస్సు నిలపకుంటే, మా కోసరం ఉండవే."

ప్రేమగానే అంది. అక్షత తలూపింది.

బస్సు కదిలాక చూసుకుంది. చెప్పులు హారతి కాళ్లకే పోయాయి.

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గట్టు దారి పట్టింది. రేపు సైన్సు పరీక్ష ఉంది.