కోళ్లగంప కింద కంప్యూటరు

మొదట ఒక మాట. రాతలో తప్పులుంటే క్షమించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ళ, ణ ఎదురైతే నా పెన్ను ఇప్పటికీ దారి తప్పుతుంది. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పొద్దు పడుతుంది. మీరు మాత్రం తొందరగానే చదవండి.

మా ఊరు ఇటిక్యాల. మాకు మూడెకరాల మెట్ట చెలక ఉంది. నా పెనిమిటి పోయినప్పటి నుంచి దాన్ని నా మరిది తిరుపతయ్య తన ట్రాక్టరుతో దున్నుతాడు. మిరుగం కార్తెలో వాన పడగానే ఊరంతా ఆ ట్రాక్టరు కోసం ఎగబడతారు. మొదట పెద్దరైతు ఎల్లన్న చేను, తర్వాత ఆయన చుట్టాలవి, కడకు నాది. నా వంతు వచ్చేసరికి పదును ఆరిపోయి గింజలు ఎండుమట్టిలో పడేవి. రెండేండ్లు పత్తి సరిగా మొలవనే లేదు. ఇంకోసారి అట్లనే అయితే చెలకను కౌలుకిచ్చి నేను కూలికి పోవాల్సిందే.

"ఈసారి నాది ముందు దున్ను తిరుపతయ్యా" అని నలుగురిలో అడిగాను.

అతను నవ్వాడు. "వదినా, నువ్వు ఈ ట్రాలీ ఎనకకు కొట్టిననాడు నీ చేనే ముందు దున్నుత. పో."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ట్రాక్టరు ముందుకు నడపడం ఎవరికైనా వస్తుందట, ట్రాలీని వెనక్కి కొట్టడమే విద్య. స్టీరింగు ఒక దిక్కు తిప్పితే ట్రాలీ ఇంకో దిక్కు పోతుంది. నాకు ట్రాక్టరు ఎక్కడమే రాదు.

ఇంటికొచ్చి నా కోడలు శ్రుతికి చెప్పుకున్నాను. కొడుకు లారీ మీద తిరుగుతుంటాడు, ఇంట్లో మేమిద్దరమే. శ్రుతి బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పుతుంది. హైదరాబాదులో ఎవరో ఆఫీసు వాళ్లు వాడి అమ్మేసిన చిన్న కంప్యూటరు ఒకటి ఇంట్లో ఉంది. అడ్డంగా పడుకుని ఉండే సన్న డబ్బా. పైమూత మీద రొట్టెలు ఆరబెట్టుకోవచ్చు, అంతే ఉంటుంది.

"అత్తమ్మా, ట్రాక్టరు నడిపే ఆట ఒకటి వచ్చింది. ట్రాలీ గూడ ఉంటది. నీడపట్టున కూసొని నేర్సుకో" అంది.

ఆట సీడీ పెడితే తెర తెల్లబోయింది. బొమ్మలు గీసే బలం ఆ డబ్బాకు లేదట. గ్రాఫిక్స్ కార్డు అని వేరే కొని లోపల బిగించాలట. ఇద్దరం గద్వాలకు బస్సెక్కి తెచ్చుకున్నాం. "ఎందులోనన్న పడుతది" అన్నాడు దుకాణమతను. పచ్చ పలక, దాని మీద బుడ్డ ఫ్యాను, చివర నిలువుగా ఒక ఇనుప పట్టీ.

మధ్యాహ్నం తలుపేసుకుని డబ్బా మూత తీశాం. లోపల దుమ్ము ఎట్లుందంటే, రెండు వానలు పడితే విత్తనం వేసుకోవచ్చు.

"ముందుగాల ఇనుము ముట్టు అత్తమ్మా. మన ఒంట్ల కరెంటు ఉంటది, కార్డుకు తాకితే ఖరాబైతది."

"నా ఒంట్ల కరెంటుంటే ఊర్ల కోతలెందుకే?"

అయినా ముట్టాను. శ్రుతి కార్డును గాడి మీద పెట్టి నొక్కింది. కూర్చోలేదు. ఇనుప పట్టీ డబ్బా అంచుకు తగిలి అడ్డం పడుతోంది. పట్టీ డబ్బా ఎత్తు కంటే రెండింతలు పొడుగు. చంటోని అంగీలో పెద్దమనిషిని దూర్చినట్లుంది మా పని.

"వాపసిచ్చి వద్దాం" అని శ్రుతి ఏడుపు మొహం పెట్టింది.

"పట్టీ అడ్డమైతే పట్టీ పీకు. ఫ్యాను తిరిగితే సాలు గద మనకు" అన్నాను.

కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో రెండు మరలు విప్పితే పట్టీ ఊడింది. ఈసారి కార్డు టక్కుమని కూర్చుంది. కానీ సగం పైకి లేచి నిలబడింది. మూత పెడదామంటే అది ఆ కార్డు నెత్తిన ఆగుతోంది. మూత తీసేసి వదిలేస్తే బల్లులు పడతాయి, పిల్లి పడుకుంటుంది, పైకప్పు మట్టి రాలుతుంది. ఇల్లంతా చూసి, కోడిపిల్లల మీద బోర్లించే గంప తెచ్చి కంప్యూటరు మీద బోర్లించాను. గాలి ఆడుతుంది, పిల్లి దూరదు. గంపలోంచి బయటపడ్డ పిల్లలు మా కాళ్ల మధ్య తిరుగుతూ కీచుకీచుమంటున్నాయి.

మీట నొక్కాం. గంపలో ఫ్యాను గిరగిరా తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

ఆపి మళ్లీ పెట్టాం. నలుపే. శ్రుతి కార్డు తీసి ఊది మళ్లీ పెట్టింది. నేను నిమ్మకాయ దిగదీశాను. నలుపే. ఉన్న కంప్యూటరునూ చంపుకున్నామని ఇద్దరం చెరో మూల కూలబడ్డాం.

అప్పుడే తలుపు తోసుకుని తిరుపతయ్య వచ్చాడు, మంచినీళ్లకని. గంపనూ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది వదినా, కంప్యూటరును పొదగేసిండ్రా? ఎన్ని పిల్లలైతయి?"

సంగతి చెప్పక తప్పలేదు. పడీ పడీ నవ్వి, గంపెత్తి తొంగి చూశాడు. "కొత్తదానికి కొత్త బొక్క ఉంది గద. తీగ పాతదాంట్లనే పెట్టిండ్రేంది? నాగలి మార్చి గొలుసు పాతదానికే కట్టినట్లు!"

శ్రుతి నెత్తి కొట్టుకుని తెర తీగను కార్డుకు మార్చింది. ఆట సీడీ పెడితే తెర మీద ఎర్ర ట్రాక్టరు, దాని వెనక ట్రాలీ, పచ్చటి చేను వచ్చాయి. అంత పచ్చదనం మా మండలంలో నేను ఎన్నడూ చూడలేదు.

నేను మొదటిసారి వెనక్కి కొడితే ట్రాలీ పాములా మెలిక తిరిగి కంచెలో పడింది.

"లెవ్వు, నేను చూపెడత" అని తిరుపతయ్య కూర్చుని అరచేత్తో మీటలన్నీ ఒకేసారి అదిమాడు. ట్రాక్టరు ట్రాలీతో సహా చెరువులోకి పోయింది.

"చిన్నమామా, చేపలు పట్టనీకి పోయినవా?" అంది శ్రుతి.

"క్లచ్చు లేని బండి గిదేం బండి!"

మళ్లీ కొట్టాడు. మళ్లీ చెరువే. మరునాడు మంచినీళ్లకని వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. ఎండలకు దూప ఎక్కువైందని ఊళ్లో చెప్పుకున్నాడు. ఈలోపు నేను ఒకరోజు ట్రాలీని వంకరటింకరగా వెనక్కి కొట్టి తెర మీది కొట్టాంలో పెట్టాను. అతను కళ్లారా చూశాడు. "తెర మీదిది లెక్కల్లేదు" అన్నాడు. అది నాకూ న్యాయమే అనిపించింది. ఇక నా చేను కడకే అనుకున్నాను.

మిరుగం రాత్రి దంచి వాన పడింది. పొద్దున్నే తిరుపతయ్య ట్రాక్టరుకు దున్నే గొర్రు తగిలించుకుని ఎల్లన్న చేనుకు బయలుదేరి, "ఒక్కసారి కొట్టి పోత" అని మా ఇంటి ముందు ఆపాడు. ఒక్కసారి పదిసార్లయింది. వాకిట్లో ఎల్లన్న గొంతు వినపడింది. తిరుపతయ్య గంప లాగి తెర మీద బోర్లించాడు.

"ఏమయ్యా, నేను చేన్ల ఎదురుసూస్తుంటే నువ్వీడ ఏంజేస్తున్నవు?" అన్నాడు ఎల్లన్న లోపలికొస్తూ.

"వదిన చేను దున్ననీకి వచ్చిన."

"ఇంట్లనా దున్నుడు?"

గంప కింద ఆట ట్రాక్టరు ఇంకా బుర్రుమంటూనే ఉంది. ఎల్లన్న దాని వైపే చూస్తున్నాడు.

"ట్రాలీ ఎనకకు కొడితె గద ముందు దున్నుతనంటివి. ఈమె కొట్టిందా?"

తిరుపతయ్య నన్ను చూశాడు, గంపను చూశాడు. ఊళ్లో పదేండ్లుగా ట్రాక్టరు నడిపే డ్రైవరు, ఆటలో రోజూ చెరువులో పడుతున్నాడని తెలిస్తే పరువేం మిగులుతుంది?

"కొట్టింది. నా కండ్లతోని చూసిన."

అది అబద్ధం కాదు కాబట్టి నేను కూడా తలూపాను.

ఎల్లన్న గొణుక్కుంటూ నా వెనక వరుసలో నిలబడ్డాడు. నా చెలకలో పదును మీద మొదటి సాలు పడింది. గింజ వేస్తుంటే మట్టి కాళ్లకు అంటుకుంటోంది. మూడో సాలు తిప్పుతూ తిరుపతయ్య ట్రాక్టరు ఆపి, ఎవరూ వినకుండా నా దిక్కు వంగాడు.

"వదినా, సాయంత్రం కరెంటుంటదా?"

జములమ్మ, యాభై ఆరేండ్లు, ఇప్పుడుండేది ఇటిక్యాలలోనే, చెలక పక్కన వేసుకున్న రేకుల ఇంట్లో.