చూరు కింద శాంకవజం

శాంకవజం అన్న మాట చింతపల్లి పైకొండల్లో ఆ ఊరి చెవిన పడింది భాను నోటి నుంచే. కింద టౌన్లో డిగ్రీ లెక్కలు చదువుతున్న భాను సెలవుకి జీపు దిగి ఇంటికొచ్చేసరికి, వాకిట్లో తండ్రి గాసి ఓ పెద్ద మెరిసే పళ్లెంలో మిరియాలు ఆరబోస్తున్నాడు. ఎవరో ఆశ్రమ పాఠశాలకి దానమిచ్చిన సోలార్ పొయ్యి తాలూకు పళ్లెం అది. స్టాండు విరిగితే బాగుచేసే దిక్కులేక బడివాళ్ళు పారేశారు. గాసి మోసుకొచ్చుకున్నాడు.

"ఇది శాంకవజం అయ్యా," అంది భాను మురిసిపోతూ.

"అంటే ఏటి?"

"రెండో ఘాతం సమీకరణంతో వచ్చే ఆకారాలు. బంతిలాంటిదొకటి, గుడ్డులాంటిదొకటి. ఇలా గిన్నెలాగ నోరు తెరుసుకున్నదాన్ని పరావలయజం అంటారు." ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈక్వల్టు ఫోర్ ఏ జెడ్ అని గడగడా ఒప్పజెప్పేసింది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్న తల్లి గంగకి ఆ గడగడే చాలు, కడుపు నిండిపోయింది.

"దేనికి పనికొస్తాది?" అన్నాడు గాసి.

"పరీక్షకి."

అబద్ధమేం కాదు. ఉపయోగాలు అన్న పేరా దగ్గర సారు, "ఇది పరీక్షకి రాదు, వదిలేయండి," అన్నాడు. సూర్యకిరణాలన్నీ పరావలయజం మీద పడి ఒక్క బిందువు దగ్గర చేరతాయనీ, అక్కడ విపరీతమైన వేడి పుడుతుందనీ ఆ పేరాలో ఉంది. భాను ఒకసారి చదివింది. వదిలేసింది. పనికొచ్చే ముక్క ఒక్కటుంటే దాన్నే వదిలేయమంటాయి మన చదువులు.

జనవరిలో, మంచు విడిచిన ఒక పొద్దున గాసి గడ్డిల్లు కాలిపోయింది. అతను తోటలో ఉన్నాడు. గంగ ఊటనీళ్ళకి వెళ్ళింది. ప్రాణాలు పోలేదు గాని, లోపలున్న ఏడాది కాఫీ గింజంతా బుగ్గయింది.

ఎలా అంటుకుందో ఊరు క్షణంలో తేల్చేసింది. సగం కాల్చిన చుట్టని ఆర్పి చూరులో దోపడం గంగకి అలవాటు. "తడి చేసే దోపాను," అని ఆమె మొత్తుకుంది. ఎవరు వింటారు? గాసి ఆమె చేతి అన్నం ముట్టలేదు. మర్నాడు ఊరందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని పెద్దమనిషి యర్రయ్య కబురంపాడు.

ఇల్లు కాలిన కబురు తెలిసి, సభ రోజు పొద్దున్నే భాను టౌన్నుంచి వచ్చింది. మసిగోడ కింద పళ్లెం పడి ఉంది.

"ఇదెక్కడుండేది అయ్యా?"

"మిరియాలు తీసేసి, కడిగి, గోడకి ఆనించి ఎల్లేను," అని గాసి సభకి బయల్దేరిపోయాడు.

భానుకి సారు వదిలేయమన్న పేరా గుర్తొచ్చింది. చున్నీతో మసి తుడిచి, పళ్లేన్ని అదే చోట, ఎండకి ఎదురుగా నిలబెట్టింది. గడ్డిపరక ఒకటి తీసి దాని ముందు అటూ ఇటూ జరిపింది. మూరెడు దూరంలో, సరిగ్గా కాలిపోకముందు చూరు వేలాడిన చోట, పరక మీద తెల్లటి చుక్క పడింది. పొగ లేచింది. మంట వచ్చింది. ఫోర్ ఏ జెడ్‌లో ఏ అంటే ఆ మూరెడు దూరమేనని అప్పుడు తెలిసింది ఆ పిల్లకి.

"సుట్ట కాదమ్మా. నీ తప్పు కాదు. ఇదే."

గంగ ముఖం విప్పారింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు.

"ఇది నీ పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"అయ్య ఆ పళ్లెం తెచ్చిన్నాటికే సదివేసేవా?"

భాను తల వంచుకుంది.

"నీకు తెలుసని తెలిస్తే మీ అయ్య నిన్ను మళ్ళీ జీపెక్కనివ్వడు. తెలిసీ సెప్పని సదువెందుకంటాది ఊరు." గంగ ఆ మండే పరకని కూతురి చేతిలోంచి లాక్కుని కాలికింద నలిపేసింది. "సుట్టే అను."

సభలో గంగ చేతులు కట్టుకుని తప్పు తనదేనంది. యర్రయ్యకి తృప్తి కలగలేదు. "సదువుకున్న గుంటవి, నువ్వు సెప్పు. నిప్పెలాగ అంటుకుంది?"

భాను తల్లి వైపు చూసింది. గంగ నేల చూస్తోంది.

"సుట్ట," అంది భాను.

సాయంత్రం గాసే సంచి మోసుకొచ్చి కూతుర్ని జీపెక్కించాడు. "బేగి ఎక్కు. బాగా సదువుకో తల్లీ," అన్నాడు. "మీ అమ్మలాగ బుద్దిలేని మనిషివి అవకు."