ఎప్పుడూ పోని ఫ్యూజు

ఆ వీధిలో అతన్ని కరెంటు డాక్టరు అనేవారు. అతను డాక్టరు చదివింది లేదు, కరెంటు చదివింది కూడా అంతంతమాత్రమే. కానీ హస్తవాసి మంచిదని పేరు. మిగతా మేస్త్రీలు కట్టిన ఫ్యూజులు నెలకోసారి టప్పుమనేవి. ఇతను ఒకసారి కట్టి వెళ్ళాడంటే ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు జరిగి, పిల్లలు పుట్టి, వాళ్ళు బడికి పోయేదాకా దాని జోలికి వెళ్ళే పని ఉండేది కాదు.

అందులో మంత్రమేమీ లేదు. ఫ్యూజు తీగ పుట్టిందే కరిగిపోవడానికి. ఇంట్లో తీగలు మోయలేనంత కరెంటు లాగితే, అది ముందు తాను కరిగిపోయి ఇంటిని కాపాడుతుంది. అందుకే సన్నగా ఉండాలి. మన డాక్టరు ఆ చోట మూడు రాగి తీగలు పెనవేసి బిగించేవాడు. ఇక అది కరిగేదెక్కడ? గోడల్లో తీగలు కాలిపోయినా అది చెక్కుచెదరదు. ఈ సంగతి అతనికి తెలియదా అంటే, తెలుసు. పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. కానీ జనానికి కావలసింది ఫ్యాను ఆగకపోవడం. జనం మెచ్చుకున్నదే అతను చేసుకుంటూ పోయాడు.

అతని అక్క ఇల్లు పాతది. కట్టినప్పుడు నాలుగు బల్బులూ రెండు ఫ్యాన్లూ ఉన్నాయేమో, గోడల్లో తీగలు వాటికి తగ్గట్టే వేశారు. తర్వాత ఫ్రిజ్జు వచ్చింది, గీజరు వచ్చింది, బట్టలుతికే మెషీను వచ్చింది, కరెంటు పొయ్యి వచ్చింది. తీగలు మాత్రం అవే. వారానికి మూడుసార్లు ఫ్యూజు పోయేది. బావ ఒక గోడౌనులో సూపర్‌వైజరు. కింద పనిచేసేవాళ్ళని కసిరినట్టే ఫ్యూజునీ కసిరేవాడు. అది వినకపోయేసరికి బావమరిదిని పిలిచాడు.

గీజరుకీ పొయ్యికీ వేరే లైను లాగాలి, పాత తీగలు మార్చాలి అని ఇతను చెప్పాడు. మొన్ననే రంగులేయించిన గోడలు పగలగొట్టేది లేదన్నాడు బావ. సొంత బావమరిదివై ఉండి ఈ మాత్రం చెయ్యలేవా, గట్టిది ఏదైనా వెయ్యి, మళ్ళీ పోకూడదు అన్నాడు. ఊరందరికీ మూడు తీగలు కట్టేవాడు, అక్క ఇల్లు కదా అని నాలుగు కట్టాడు.

ఆరేళ్ళు ఆ ఫ్యూజు పోలేదు. బావ వచ్చినవాళ్ళకల్లా చెప్పి మురిసిపోయేవాడు.

మంట రావడానికి వారం ముందు అక్క ఫోన్ చేసింది. ముందుగదిలో ప్లగ్గు బోర్డు దగ్గర రబ్బరు కాలిన వాసన వస్తోందిరా, మీ బావేమో అది వీధిలోంచి అంటున్నారు, ఓసారి వచ్చి చూడమంది. ఆదివారం వస్తానన్నాడు. ఆదివారం ఎవరిదో మోటారు కాలిపోతే అటు వెళ్ళాడు. అక్కే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

మంగళవారం పొద్దున గీజరు వేసి ఉంది, మెషీను తిరుగుతోంది, పొయ్యి మీద పాలున్నాయి. అక్క ముందుగదిలో కూతురి స్కూలు డ్రెస్సు ఇస్త్రీ చేసి, పెట్టెని నిలబెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది. వాసన వస్తోందన్న ఆ ప్లగ్గు బోర్డు బట్టల స్టాండు వెనక ఉంటుంది. బోర్డులో అంటుకున్న మంట బట్టల్ని పట్టుకుంది. పదో తరగతి చదివే మేనకోడలు పక్కనే ఉన్న తన రికార్డు పుస్తకాలు కాలిపోతాయని బట్టల్ని కుడిచేత్తో లాగి పారెయ్యబోయింది. అవి నైలాన్ బట్టలు. కరిగి చేతికి అతుక్కున్నాయి.

కబురు తెలిసి అతను పరిగెత్తుకొచ్చేసరికి ఇరుగుపొరుగు బకెట్లతో నీళ్ళు పోసి మంట ఆర్పేశారు. ఎవరో తెలివైనవాళ్ళు మెయిన్ కూడా ఆపేశారు. తల్లీ తండ్రీ పిల్లని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. జనమంతా ముందుగదిలో మసి చూస్తున్నారు. అతను ఒక్కడే వరండాలో మీటరు పెట్టె తెరిచాడు. పింగాణీ ఫ్యూజు లాగి చూశాడు. నాలుగు తీగలూ నిన్న కట్టినట్టే నిగనిగలాడుతున్నాయి. కంచే చేను మేసింది.

అప్పుడు చేసిన పని అతని బుద్ధి చేసింది కాదు, చేతులు చేశాయి. ఆ నాలుగు తీగలూ విప్పి జేబులో వేసుకున్నాడు. సంచిలోంచి సన్నని ఫ్యూజు తీగ తీసి కట్టాడు, లైటరుతో మధ్యలో కరిగించి తెంపాడు, పింగాణీకి కాస్త మసి పూశాడు, దాని చోట దాన్ని పెట్టేశాడు. సాయంత్రం ఇంటికెళ్తూ జేబులోవి కాలవలో పారేశాడు. తన బతుకు కాపాడుకున్నానని అనుకున్నాడు. ఆ పనితో అక్క బతుక్కి నిప్పు పెట్టానన్న సంగతి మర్నాడు గాని తెలియలేదు.

మర్నాడు ఫైర్ ఆఫీసరు వచ్చి అన్నీ చూశాడు. ఫ్యూజు చూశాడు. సరైన తీగే, వెయ్యాల్సిందే వేశారు, పోవాల్సిన టైముకి పోయింది అని రాసుకున్నాడు. అంటే తప్పు తీగలది కాదు, ఇక మిగిలింది ఇస్త్రీపెట్టె. ప్లగ్గు బోర్డులోనే ఉంది, స్విచ్చు కరిగి ముద్దయింది. ఇస్త్రీపెట్టె ఆపారా అని అక్కని అడిగాడు. ఆపాననే అనుకుంటానంది. అనుకోవడం కాదమ్మా, ఆపారా అన్నాడు. అలా నాలుగుసార్లు అడిగేసరికి ఆవిడ గొంతు సన్నగిల్లింది. గుర్తులేదండి అంది. ఆయన అదే రాశాడు.

తమ్ముడు అక్కడే, రెండడుగుల దూరంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. తన పేరు, తన దుకాణం, వీధిలో తాను కట్టిన ఫ్యూజులన్నీ కళ్ళముందు తిరిగాయి. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు ఏడాదికి గాని రాలేదు.

ఈ ఏడాదిలో వాళ్ళు అద్దె ఇంట్లోకి మారారు. మేనకోడలికి కుడిచేతి మూడు వేళ్ళు వంగవు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. తల్లితో మాట్లాడదు. పోట్లాడితే బాగుండేది, అదీ లేదు. ఆ చేత్తో తనే జడ వేసుకోలేదు కాబట్టి పక్కింటావిడ దగ్గరికి వెళ్తుంది గాని తల్లి దగ్గర కూర్చోదు. అన్నం పెడితే తింటుంది, కంచం తీసి తనే కడుక్కుంటుంది. బావ వచ్చినవాళ్ళందరికీ మా ఆవిడ మతిమరుపు అని మొదలుపెట్టి మొత్తం కథ చెబుతాడు. అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఆయన చెబుతుంటే ఆవిడ పక్కన నిలబడి తలూపుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతోంది అనుకున్నాడు. ఎవరూ లేరు. ఒక్కో స్విచ్చు ముందు నిలబడి పైకి చెప్పుకుంటోంది. "పొయ్యి ఆపేశాను. ప్లగ్గు తీసేశాను. గీజరు ఆపేశాను." మళ్ళీ మొదటి స్విచ్చు దగ్గరికి వచ్చింది. "పొయ్యి ఆపేశాను." రేపు ఎవరైనా అడిగితే గుర్తుండాలి కదరా అంది తమ్ముణ్ణి చూసి, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు నవ్వుతూ.

 అతను తిన్నగా ముందుగదిలోకి వెళ్ళాడు. బావ పేపరు చదువుతున్నాడు. మేనకోడలు బల్ల దగ్గర రాసుకుంటోంది.

"బావా, ఆ మంట ఇస్త్రీపెట్టె వల్ల రాలేదు. గోడలో తీగలు కాలి వచ్చింది. నేను ఫ్యూజులో నాలుగు రాగి తీగలు కట్టాను, అందుకే అది పోలేదు. ఆ రోజు నేనే దాన్ని తీసేసి, ఇంకోటి కాల్చి పెట్టాను."

పిల్ల చేతిలో పెన్ను ఆగింది. బావ పేపరు మడిచాడు.

"ఆరేళ్ళలో ఒక్కసారైనా పోయిందా అది? గట్టిది వెయ్యమని నువ్వేగా అన్నావు" అన్నాడు అతను.

బావ కూతురి వైపు చూశాడు.  తర్వాత గొంతు సవరించుకుని, ఆ తీగల సంగతులు తనకేం తెలుసని, ఆఫీసరు కళ్ళారా చూసి రాశాడని అన్నాడు. లేచి వచ్చి బావమరిది భుజం తట్టాడు. "చూశావా అమ్మా, అక్కంటే మీ మావయ్యకి ఎంత ప్రాణమో. తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?"

"ఆ తీగలేవి మావయ్యా?" అంది పిల్ల.

"కాలవలో పారేశాను."

ఆ పిల్ల చిన్నగా నవ్వింది. పదహారేళ్ళ పిల్ల నవ్వాల్సిన నవ్వు కాదది. "అమ్మ చెప్పమందా?"

కాదన్నాడు. ఒట్టేశాడు. ఎంత ఒట్టేస్తే అంత అబద్ధంలా వినిపించింది, అతని చెవులకే. పిల్ల ఎడమచేత్తో పుస్తకాలు సర్దుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. గుమ్మంలో అక్క మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. అంతా విన్నది.

వరండాలోకి వచ్చాక ఆవిడ తమ్ముడి తల నిమిరింది. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చినప్పుడు నిమిరినట్టే.

"నీ మనసు నాకు తెలుసురా. కానీ ఇంకెప్పుడూ ఇలా చెప్పకు. ఇన్నాళ్ళూ మరిచిపోయానని మాత్రమే దానికి కోపం. ఇప్పుడు అబద్ధాలు కూడా ఆడిస్తున్నాననుకుంటోంది."

"అక్కా, నువ్వు ఆపావు. నిజంగా ఆపావు."

"ఆపానో లేదో నాకే తెలియదు. నీకెలా తెలుసు?" అంది ఆవిడ.

 ఆ జవాబు ఉండాల్సిన చోట అతను తన చేత్తోనే మసి పూశాడు.

ఇంతలో బావ బయటికొచ్చాడు. ఈ ఇంట్లోనూ ఫ్యూజు రెండుసార్లు పోయిందట, వెళ్ళేముందు చూసి వెళ్ళమన్నాడు. మెయిన్ ఆపే ముందు స్విచ్చులన్నీ ఆపి రమ్మని అక్కని లోపలికి పంపాడు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, మీటరు పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం ఎటో తిప్పుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఈ ఇంట్లో సన్నదే వెయ్యి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అతను ఒంటి తీగ తీసి కట్టడం మొదలుపెట్టాడు.  లోపల కూతురు వేసుకున్న తలుపు ముందునుంచి అక్క గొంతు గట్టిగానే వినిపిస్తోంది, వినాల్సినవాళ్ళకి వినబడేలా.

"ఫ్యాను ఆపేశాను. గీజరు ఆపేశాను. పొయ్యి ఆపేశాను."