నీళ్లలో నూనె ఎలా చేరింది

కూలెంట్ డబ్బా మూత తీసి చూడగానే రంగనాయకమ్మకు మాడిన పాల మీది మీగడ గుర్తొచ్చింది. గోధుమ రంగులో, జిడ్డుగా, డబ్బా అంచుదాకా పేరుకుని ఉంది. నీళ్లుండాల్సిన చోటికి ఇంజన్ ఆయిల్ ఎలా వచ్చిందో తెలియక, పక్కింటి గొడవ కంటబడ్డప్పుడు తలుపు వేసుకున్నట్టు మూత మళ్లీ పెట్టేసింది.

పద్దెనిమిదేళ్ల ఆ డీజిల్ కారును కొన్నది ఆవిడ భర్త ప్రభాకర్ రావు. నడిపేది మాత్రం ఆవిడే. యాభయ్యో ఏట స్టీరింగ్ పట్టింది. అప్పటినుంచి ప్రతి సోమవారం కోరుట్ల నుంచి సిరిసిల్లలోని చెల్లెలు శాంత ఇంటికి ఒక్కతే పోయి వస్తుంది. చెల్లెలితో మాట్లాడటానికి ఫోను ఉంది గాని, ఫోనుకు గేర్లుండవు.

ప్రభాకర్ రావు కారును జగిత్యాలలో ఒక పెద్ద గ్యారేజీకి తీసుకుపోయాడు. అక్కడివాళ్లు మూత తీసి, ముఖం చిట్లించి, ఇంజన్‌లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందనీ, ఇంజన్ పైభాగమంతా విప్పాలనీ, ఇంత పాత బండికి అది దండగనీ ఒక్క నిమిషంలో తేల్చేశారు. ఆయన ఇంటికొచ్చి మూడు నిర్ణయాలు ప్రకటించాడు. గురువారం కారు తుక్కు వ్యాపారికి పోతుంది. గేర్లు తనే మార్చుకునే కొత్త కారు వస్తుంది. దాన్ని నడపడానికి సంపత్ అనే డ్రైవరు వస్తాడు. రంగనాయకమ్మ వెనక సీట్లో హాయిగా కూర్చోవచ్చు.

"క్లచ్చి మీదికెల్లి కాలే తియ్యవు. ఇంజను పాపం ఎన్నేండ్లని ఓర్చుకుంటది?" అని కారణం కూడా చెప్పాడు.

క్లచ్చికీ కూలెంటుకూ చుట్టరికమేమిటని ఆవిడ లోపలి బీఎస్సీ అడగబోయింది. ఆవిడ దాన్ని ఆపి, పప్పును అవసరమైన దానికన్నా కాస్త గట్టిగా ఎనిపింది.

బుధవారం పొద్దున కారును నెమ్మదిగా కోరుట్లలోనే ఉన్న ఫజలుద్దీన్ షెడ్డుకు తోలుకుపోయింది. ముప్పై ఏళ్లుగా వాళ్లింటి బండ్లన్నీ చూసింది అతనే. ప్రభాకర్ రావు కూడా వెంట వచ్చాడు. జగిత్యాల తీర్పే ఖాయమవుతుంటే దగ్గరుండి చూడాలని ఆయన కోరిక.

ఫజలుద్దీన్ మూత తీసి చూశాడు గాని తీర్పేమీ చెప్పలేదు. ఇంజన్ ఆయిల్ చూసే కమ్మిని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. నల్లటి ఆయిల్, ఎక్కడా తెల్లటి నురగ లేదు. ఆయిల్ పోసే చోట మూత తిప్పి అడుగు చూశాడు. అదీ శుభ్రమే. రేడియేటర్ చల్లారేదాకా ఆగి, దాని మూత తెరిచి ఆవిడను స్టార్ట్ చేయమన్నాడు. చాలాసేపు వంగి చూసినా నీళ్లలో బుడగ లేవలేదు. వెనక్కి పోయి పొగగొట్టం దగ్గర అరచేయి పెట్టాడు. తెల్ల ఆవిరి రాలేదు.

"హెడ్ గాస్కెట్ పోతే గివిట్ల ఏదో ఒకటి కనబడాలె అమ్మా. గిక్కడ నీళ్లల్లకు ఆయిల్ పోయింది గని, ఆయిల్లకు నీళ్లు రాలే. నాకు ఇంకో జాగ మీద అనుమానమున్నది."

ఆ జాగ పేరు ఆయిల్ కూలర్. అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బా. లోపల ఒక అరలో వేడి ఆయిల్, పక్క అరలో చల్లబరిచే నీళ్లు పోతుంటాయి. మధ్యలో ఉండేది పలుచటి రేకే. దానికి చిల్లు పడితే, బండి నడిచేటప్పుడు ఆయిల్ తోపుడే ఎక్కువ కాబట్టి అదే అవతలికి దూరుతుంది. ఫజలుద్దీన్ ఆ డబ్బాను విప్పి కడిగి, వెనకనే ఉన్న ఇంట్లోంచి టబ్బు తెమ్మని భార్య హమీదాబీని పిలిచాడు. ఆవిడ కొత్త టబ్బును తలుపు చాటుకు జరిపి, అంచు విరిగినదాన్ని ఇచ్చింది.

ఆయిల్ అరకు గాలి పైపు బిగించి డబ్బాను టబ్బు నీళ్లలో ముంచాడు. ముగ్గురూ వంగారు. ఆయిల్ అరలోకి ఎక్కించిన గాలి నీళ్ల అర నోట్లోంచి బుడబుడమంటూ పైకొచ్చింది.

"ఇంజనుకేం గాలే అమ్మా. గిదొక్కటి మారిస్తె సాలు."

రంగనాయకమ్మ నడుము అప్పటికి నిటారైంది. అయితే ఫజలుద్దీన్ డబ్బా లోపల గోటితో గీకుతున్నాడు. తెల్లటి సున్నం పెచ్చులు రాలాయి. కూలెంట్ బదులు ఏం నీళ్లు పోస్తున్నారని అడిగాడు.

జవాబు ప్రభాకర్ రావు చెప్పాడు, ఛాతీ విరుచుకుని. ఈ కారుకు దుకాణపు కూలెంట్ గాని, నల్లా నీళ్లు గాని ఏనాడూ పోయలేదట. కథలాపూర్ పొలంలో ఆయన దగ్గరుండి వేయించిన బోరు నీళ్లే, స్వయంగా క్యాన్లలో తెచ్చి పోశాడట. పెళ్లిళ్లకు సైతం ఆయన ఆ క్యాన్లనే కానుకగా తీసుకుపోతాడు. తాగి చూస్తే కొబ్బరినీళ్లను మరిచిపోతావని ఫజలుద్దీన్‌కు హామీ కూడా ఇచ్చాడు.

ఫజలుద్దీన్ పెచ్చులను చూశాడు, సారును చూశాడు, తర్వాత నేలను చూశాడు. ముప్పై ఏళ్ల మర్యాద అతని నోటికి అడ్డం పడింది.

రేకును తినేసింది ఆ బోరు నీళ్ల ఉప్పూ సున్నమేనని రంగనాయకమ్మకు అర్థమైంది. క్లచ్చి మాటకు వడ్డీతో సహా బదులివ్వడానికి ఒక్క వాక్యం చాలు, నాలుక చివరనే ఉంది. కానీ ఆ మనిషితో ఆవిడది ముప్పై ఆరేళ్ల కాపురం. తన బోరును తప్పు పడితే ఆయన గురువారం దాకా కూడా ఆగడు, పౌరుషంతో ఈ సాయంత్రమే కారును పంపించేస్తాడు. ఇక ప్రతి సోమవారం సంపత్ వీపు చూస్తూ సిరిసిల్ల పోవాలి.

"ఇగో, ఇటు ఇనుండ్రి," అంది మెల్లగా. "మన బోరు నీళ్లల్ల బలం జర ఎక్కువ. మనుషులమైతె అరిగించుకుంటం. గింత పల్సటి రేకు, గదెట్ల తట్టుకుంటది?"

ప్రభాకర్ రావు డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "రేకును తినేటంత బలం ఉంటదా?"

"కండ్ల ముందట్నే ఉన్నది కద సారు," అన్నాడు ఫజలుద్దీన్. అందులో అబద్ధమేమీ లేదు. హమీదాబీ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ప్రభాకర్ రావు డబ్బాను కింద పెట్టి, ఇకముందు ఈ బండికి ఆ నీళ్లు బంద్ అనీ, దుకాణంలో దొరికే ఆ ఎర్ర కూలెంటే పోయాలనీ ఆజ్ఞాపించాడు. తర్వాత పక్కకు పోయి తుక్కు వ్యాపారికి ఫోన్ చేశాడు.

"రేపు రాకుండ్రి. ఇంజను మంచిగనే ఉన్నది," అంటున్నాడు. "జర అరుగుదల తక్కువ, గంతే."

కొత్త కూలర్ వచ్చాక ఫజలుద్దీన్ రేడియేటర్‌ను సబ్బునీళ్లతో నాలుగుసార్లు కడిగాడు. నీళ్లు తేటగా వచ్చేదాకా రంగనాయకమ్మ స్టూలు మీంచి లేవలేదు. సోమవారం బండిని పరీక్షించాలంటూ ప్రభాకర్ రావు కూడా ముందు సీట్లో ఎక్కాడు. సిరిసిల్ల దాకా ప్రతి మలుపులో ఆయన కుడికాలు, తనవైపు లేని బ్రేకును గట్టిగా తొక్కుతూనే ఉంది. ఆవిడ చూడనట్టే గేరు మార్చింది.